రెండు మొనల స్కీ: అన్ని మంచులకూ ఒక్కటే సరిపోతుందా?

మన భాషలో మంచు అనే మాట ఒక్కటే. ధనుర్మాసంలో తెల్లవారుజామున పొలాల మీద పొగలా పరుచుకునేదీ మంచే. గడ్డిపరకల మీద నిలిచే నీటిబొట్టూ మంచే. హిమాలయాల మీద దూదిపింజల్లా రాలేదీ మంచే, సోడాబండి మీద గోనెసంచిలో చుట్టిపెట్టే గడ్డా మంచే. మనకు ఈ ఒక్కమాట చాలు. కాని కాళ్ళకు స్కీలు బిగించుకుని కొండ మీద నిలబడిన వాడికి ఇది చాలదు. వాడి కింద ఉన్నది ఏ రకం మంచు అనే దాని మీదనే వాడు నిలబడటమూ, పడిపోవటమూ ఆధారపడి ఉంటాయి.

కెనడా పడమటి భాగంలో విస్లర్ అనే ఊరు ఉంది. దాని పక్క కొండల మీద శీతకాలంలో ఒకే రోజున ఎన్ని రకాల మంచు ఉంటుందో చూడండి. రాత్రంతా యంత్రాలు తిరిగి చదును చేసిన బాట పొద్దున్నే గట్టిగా, చారలు తీసినట్టు ఉంటుంది. బాట పక్కన చెట్ల మధ్య నిన్న కురిసిన మెత్తటి మంచు మోకాటిలోతు ఉంటుంది. ఎండ పడి కరిగి, మళ్ళీ గడ్డకట్టిన చోట అద్దంలాంటి పెంకు ఉంటుంది. మధ్యాహ్నానికి కిందిభాగం నానిన అటుకుల్లా తయారవుతుంది. ఇవి చాలవన్నట్టు ఒక పక్క విన్యాసాల పార్కు ఉంటుంది. అందులో గాలిలోకి ఎగరడానికి మంచుదిబ్బలు, మీదుగా జారడానికి ఇనుప కమ్మీలు, గొట్టాలు ఉంటాయి.

వీటన్నిటికీ ఒకే జత స్కీలు చాలునని అమ్మేవాళ్ళు అంటారు. ముందూ వెనకా రెండు కొసలూ పైకి వంగి ఉండే స్కీలు అవి. వాటిని రెండు మొనల స్కీలు అంటారు. అన్నిటికీ చాలుతుందన్న మాట ఎంతవరకు నిజం? దాన్ని తేల్చడం ఎలా? ఒక్క జత కొనడానికే ఇంట్లో డబ్బు సరిపోయే విద్యార్థికి ఇది చిన్న ప్రశ్న కాదు. తప్పు జత కొంటే పోయేది డబ్బు ఒక్కటే కాదు, మోకాలు కూడా. మన దేశంలో కాశ్మీరులోని గుల్మార్గ్, ఉత్తరాఖండులోని ఔలీ వంటి చోట్ల స్కీలు నేర్చుకునే పిల్లలకూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. మనం కొండ ఎక్కకపోయినా ఫరవాలేదు. జవాబులో చాలాభాగం మీ పాఠ్యపుస్తకాల్లోనే ఉంది.

తోక ఎందుకు లేచింది?

మామూలు స్కీకి ముందు మొన ఒక్కటే పైకి వంగి ఉండేది. తోక చదునుగా ఉండేది. ముందుకే జారాలి గనుక అది చాలు. 1990లలో స్నోబోర్డు మీద జారే కుర్రవాళ్ళు ఎగిరి, గాలిలో తిరిగి, వెనకవైపుగా కూడా దిగడం మొదలుపెట్టారు. వాళ్ళ బోర్డుకు రెండు కొసలూ లేచే ఉండేవి. స్కీలతో అదే పని చేయబోయిన వాళ్ళకు చిక్కు వచ్చింది. వెనక్కి దిగితే చదును తోక పారలా మంచులో గుచ్చుకుని మనిషిని బోర్లా పడేసేది.

అమెరికాలో జేసన్ లెవింతాల్ 1995లో లైన్ అనే సంస్థను మొదలుపెట్టి రెండు కొసలూ లేచిన పొట్టి స్కీలు తయారు చేశాడు. విస్లర్ ప్రాంతంలో మైక్ డగ్లస్, జె. పి. ఒక్లెర్ మొదలైన కొందరు కెనడా స్కీయర్లు, తమకు ఎలాంటి స్కీ కావాలో చెప్పి, దాన్ని తయారు చేసేవాళ్ళ కోసం వెదికారు. చివరకు ఫ్రాన్సు కంపెనీ సాలొమన్ ఒప్పుకుంది. 1998లో ఆ స్కీ బజారుకు వచ్చింది. దాని పేరు టెన్-ఎయిటీ, అంటే 1080. ఒక చుట్టుకు 360 డిగ్రీలు కదా, మూడు చుట్లకు 1080. గాలిలో మూడు చుట్లు తిరిగి దిగవచ్చుననే ఆశను పేరులోనే పెట్టారన్నమాట. ఈ రకం విన్యాసాలు 2014లో రష్యాలోని సోచిలో జరిగిన శీతకాలపు ఒలింపిక్సులో స్లోప్‌స్టయిల్ పేరుతో చోటు సంపాదించాయి.

తోక లేచిన స్కీ మంచు మీద వేగంగా పోతున్నప్పుడు వెనక ఒక చిన్న ఫౌంటెన్ లేస్తుంది. లేచిన తోక మంచును పైకి చిమ్ముతుంది. వెనక వచ్చే స్నేహితుడి ముఖం నిండా మంచే! ఇది చిన్న ఇబ్బంది. పెద్ద విషయం మరొకటి ఉంది. తోక లేచి ఉంది గనుక ఆ భాగం నేలను తాకదు. 180 సెంటీమీటర్ల స్కీ గట్టి మంచు మీద 150 సెంటీమీటర్ల స్కీలా ప్రవర్తించవచ్చు. అందుకే ఇలాంటి స్కీని ఎంచుకునేటప్పుడు చీటీ మీది పొడవును కాక, నేలను తాకే పొడవును చూడాలి.

జారటానికి కారణం ఒత్తిడి కాదు

50 కిలోల బరువున్న విద్యార్థి బూట్లతో మంచులో నిలబడితే రెండు అరికాళ్ళ వైశాల్యం సుమారు 400 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. చదరపు సెంటీమీటరుకు 125 గ్రాముల బరువు పడుతుంది. స్కీలు కట్టుకుంటే తాకే వైశాల్యం 3000 చదరపు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, బరువు 17 గ్రాములకు తగ్గుతుంది. అందుకే మెత్తటి మంచులో కూరుకుపోడు.

మరి జారడం ఎందుకు? ఒత్తిడి వల్ల మంచు కరిగి జారుతుందని మీలో చాలామంది చదివే ఉంటారు. లెక్క వేసి చూడండి. మంచు కరిగే ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ తగ్గించాలంటే దాదాపు 130 వాతావరణాల పీడనం కావాలి. ఒక వాతావరణం అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో. మన స్కీ ఇచ్చేది 17 గ్రాములే. దానితో డిగ్రీలో కొన్ని వేలవ వంతు కూడా తగ్గదు. 1939లో బౌడెన్, హ్యూస్ అనే శాస్త్రజ్ఞులు స్విట్జర్లాండులో యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ అనే ఎత్తయిన చోట ప్రయోగాలు చేసి, ఘర్షణ వల్ల పుట్టే వేడే పలుచని నీటిపొరను కలిగిస్తుందని చూపారు. అందుకే వేడిని త్వరగా లాగేసే లోహం కంటే అలా లాగని పదార్థం అడుగున ఉంటే మంచిది. ఈనాటి స్కీల అడుగున ఉండేది పాలిథీన్ జాతికే చెందిన గట్టి ప్లాస్టిక్కు. దాని మీద మైనం పూస్తారు. పరీక్ష సంగతి వచ్చినప్పుడు ఈ మైనాన్ని మళ్ళీ గుర్తు చేసుకుందాం.

నడుములో దాగిన వృత్తం

స్కీని పైనుంచి చూస్తే రెండు కొసలూ వెడల్పుగా, మధ్యలో సన్నగా ఉంటుంది. అందం కోసం కాదు. స్కీని పక్కకు ఒరిగిస్తే, ఆ లోపలికి వంగిన అంచు మంచులో దిగి తన వంపు వెంటే దారి తీస్తుంది. అంటే స్కీ మలుపు దాని ఆకారంలోనే ఉన్నది.

ఎంత పెద్ద మలుపు? దీనికి మీ రేఖాగణితం చాలు. ఒక స్కీ కొలతలు ఇలా ఉన్నాయనుకోండి: ముందు వెడల్పు 12.8, నడుము 9.6, తోక 12 సెంటీమీటర్లు. పార్కుకూ కొండకూ రెండింటికీ అని అమ్మే స్కీలకు ఇవి సాధారణమైన కొలతలే. కొసల సగటు 12.4. నడుముకూ దానికీ తేడా 2.8. అది రెండు అంచులకూ కలిపి గనుక ఒక్కో అంచు లోతు 1.4 సెంటీమీటర్లు. వెడల్పైన రెండు చోట్ల మధ్య దూరం 150 సెంటీమీటర్లు అనుకుందాం. ఇది ఒక వృత్తంలో జ్యా. ఒక వృత్తంలో రెండు జ్యాలు ఖండించుకుంటే వాటి ముక్కల లబ్ధాలు సమానమని మీకు తెలుసు. ఇక్కడ రెండో జ్యా వృత్తపు వ్యాసమే. సగం జ్యా 75. దాని వర్గం 5625. దాన్ని 1.4తో భాగిస్తే సుమారు 4018. దానికి 1.4 కలిపితే వ్యాసం వస్తుంది. అందులో సగం సుమారు 2010 సెంటీమీటర్లు, అంటే 20 మీటర్లు. ఈ స్కీ స్వభావంగా 20 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతుంది. దాన్ని 60 డిగ్రీలు ఒరిగిస్తే గట్టి మంచు మీద వ్యాసార్ధం దాదాపు సగానికి తగ్గుతుంది, ఎందుకంటే కోసైన్ 60 విలువ అరే కదా.

ఒకప్పుడు స్కీలకు నడుము ఇంత లోపలికి ఉండేది కాదు. జ్యా 180, లోతు 0.7 సెంటీమీటర్లు వేసి మీరే లెక్క కట్టండి. యాభై మీటర్లు దాటుతుంది. అంతటి మలుపు తీయాలంటే కొండ వెడల్పు చాలదు, అందుకే పాతకాలపు స్కీయర్లు స్కీని ఈడ్చి తిప్పేవారు. 1993లో స్లొవేనియాకు చెందిన ఎలాన్ కంపెనీ బాగా లోపలికి నొక్కిన నడుముతో ఎస్.సి.ఎక్స్. అనే స్కీని తెచ్చిన తరువాత ఈ పద్ధతే లోకమంతా పాకింది.

మామూలు స్కీలలో తోక ముందు మొనకన్న బాగా సన్నగా ఉంటుంది. రెండు మొనల స్కీలో తేడా తక్కువ. వెనక్కి జారేటప్పుడు తోకే ముందు అవుతుంది కదా, అదే మలుపును మొదలుపెట్టాలి.

ఇక నడుము వెడల్పు. ఇక్కడే మొదటి బేరం జరుగుతుంది. నడుము వెడల్పు పెరిగితే మెత్తటి మంచులో తేలుతుంది. కాని గట్టి మంచు మీద అంచు ఒరిగినప్పుడు మంచు పైకి తోసే బలం అంచు దగ్గర పడుతుంది, మీ కాలి బరువు మధ్యలో పడుతుంది. ఆ రెండింటి మధ్య దూరం నడుములో సగం. 7 సెంటీమీటర్ల నడుముకు 3.5, 9.6 సెంటీమీటర్ల నడుముకు 4.8. తలుపును గొళ్ళెం దగ్గర తోయడానికీ, బందు దగ్గర తోయడానికీ ఉన్న తేడాయే ఇది. వెడల్పు స్కీ అద్దంలాంటి మంచు మీద మీ చీలమండనూ మోకాలినీ తిరగతోస్తూనే ఉంటుంది. ఒక అంచు నుంచి మరో అంచుకు మారడానికి సమయమూ ఎక్కువే. ప్రకటనల్లో ఈ మాట ఎక్కడా రాయరు.

విల్లు, దోనె

రెండు స్కీలను అడుగులు కలిపి నిలబెట్టి చూస్తే మధ్యలో సందు కనబడుతుంది. స్కీ విల్లులా వంగి ఉన్నది. బరువు మీద పడగానే విల్లు చదునై, కొసలను నేలకు నొక్కుతుంది. దానితో అంచు పొడవునా పట్టు దొరుకుతుంది. ఎగరబోయే ముందు నొక్కితే తిరిగి తంతుంది కూడా.

దీనికి వ్యతిరేకం దోనె వంపు. మధ్య కిందకు, కొసలు చాలా ముందునుంచే పైకి. మెత్తటి మంచులో దోనెలాగే తేలుతుంది. 2002లో షేన్ మెక్కాంకీ అనే స్కీయరు ఆలోచనతో వోలంట్ కంపెనీ పూర్తిగా తిరగేసిన వంపుతో స్పాచులా అనే స్కీని తయారు చేసింది. లోతైన మంచులో అది అద్భుతమే, గట్టి బాట మీద మాత్రం దానికి పట్టు లేదు. ఈనాటి రెండు మొనల స్కీలలో చాలావాటికి కాళ్ళ కింద విల్లు, రెండు కొసల్లో దోనె ఉంటాయి. దోనె భాగం ఎంత ఎక్కువైతే బాట మీద అంచు అంత తగ్గుతుంది. వేగం పెరిగినప్పుడు ఆ లేచిన కొసలు తపతపలాడటం కూడా కద్దు.

రెండు స్కేళ్ళతో ఒక ప్రయోగం

స్కీ మెత్తగా ఉండాలా, గట్టిగా ఉండాలా? ముందు ఇది చేసి చూడండి. ఒకే రకం ప్లాస్టిక్ స్కేళ్ళు నాలుగు తీసుకోండి. రెండింటిని ఒకదానిపై ఒకటి పెట్టి, రబ్బరు బ్యాండ్లు వదులుగా వేయండి. మిగిలిన రెండింటిని పొడవునా గట్టి జిగురుతో అతికించి ఆరనివ్వండి. రెండు జతలనూ బల్ల అంచు నుంచి సమానంగా బయటకు పెట్టి, కొసన ఒకే బరువు వేలాడదీయండి. వదులు జత ఒక స్కేలు కంటే రెండింతలు గట్టిగా ఉంటుంది. అతికిన జత మాత్రం ఎనిమిది రెట్ల వరకు గట్టిపడుతుంది. మందం రెట్టింపైతే వంగకుండా నిలిచే శక్తి రెండును మూడుసార్లు హెచ్చించినంత, అంటే ఎనిమిదింతలు. మందాన్ని పదో వంతు పెంచితేనే ఆ శక్తి మూడో వంతు పెరుగుతుంది.

స్కీ ఈ అతికిన స్కేళ్ళలాంటిదే. మధ్యలో పాప్లర్, ఏష్, బీచ్ వంటి కర్ర. దానికి పైనా కిందా గాజునార పొరలు, కొన్నిటిలో అల్యూమినియం మిశ్రమ లోహపు రేకు. అంచుల్లో ఉక్కు. లోహాన్నీ కర్రనూ ఇలా అతికించే ఉపాయాన్ని 1950 ప్రాంతంలో అమెరికాలో హోవర్డ్ హెడ్ వాడుకలోకి తెచ్చాడు. ఆయన విమానాల కంపెనీలో పనిచేసిన ఇంజనీరు.

పార్కులో కొసలు మెత్తగా ఉండటం మంచిది. దిబ్బ మీద తోకపై ఒరిగి తిరిగే విన్యాసాలకు అవి వంగాలి. తప్పుగా దిగినా కొంత క్షమిస్తాయి. కాని 60 కిలోమీటర్ల వేగంతో గడ్డలు కట్టిన మంచు మీద పోతున్నప్పుడు ఆ మెత్తదనమే శత్రువు. పెద్ద ఎత్తు నుంచి దిగినప్పుడు తోక మరీ మెత్తగా ఉంటే ఆనుకోవడానికి ఏమీ ఉండదు, మనిషి వెనక్కి కూలబడతాడు. మోకాళ్ళకు దెబ్బ తగిలేది సరిగ్గా అలాంటప్పుడే. అందుకే తయారీదారులు కాళ్ళ కింద గట్టిగా, కొసల్లో మెత్తగా చేస్తారు. వంపు ఒక్కటే చాలదు, మెలి కూడా చూడాలి. తడిగుడ్డను పిండినట్టు స్కీని మెలిపెడితే ఎంత తిరుగుతుందో అంత మేరకు గట్టి మంచు మీద దాని కొస పట్టు వదులుతుంది.

గాలిలో తిరగడం

తిరిగే కుర్చీలో చేతులు చాచి కూర్చుని, ముడుచుకోగానే వేగం పెరగడం మీరు చూసి ఉంటారు. బరువు ఇరుసుకు ఎంత దూరంగా ఉంటే తిప్పడం అంత కష్టం. దూరం రెట్టింపైతే కష్టం నాలుగింతలు. దీన్నే జడత్వ భ్రామకం అంటారు.

180 సెంటీమీటర్ల స్కీ 2 కిలోలు తూగుతుందనుకుని, దాన్ని ఒకే మందం గల కడ్డీగా భావిద్దాం. మధ్యనుంచి తిప్పితే దాని జడత్వ భ్రామకం 0.54 కిలోగ్రాము-చదరపు మీటర్లు. ఇప్పుడు రెండు కొసల్లో 50 గ్రాముల చొప్పున కలపండి. బరువు పెరిగింది ఇరవయ్యో వంతే, భ్రామకం మాత్రం నూటికి 15 పెరుగుతుంది. అదే వంద గ్రాములు బూటు కింద కలిపితే ఏమీ తేడా ఉండదు. కనుక తూకంలో రెండు స్కీలు సమానంగా ఉన్నంత మాత్రాన గాలిలో సమానంగా తిరుగుతాయని అనుకోకూడదు. అదే రకం స్కీని 170 సెంటీమీటర్లది తీసుకుంటే భ్రామకం నూటికి 16 తగ్గుతుంది.

బూటును బిగించే చోటు గురించి స్కీయర్లు గంటలతరబడి వాదించుకుంటారు. బాట మీద పోయే స్కీలకు బూటు మధ్యకు 8, 9 సెంటీమీటర్లు వెనక ఉంటుంది. పార్కుకే ప్రత్యేకించిన వాటికి దాదాపు నడిమధ్యన. రెండింటికీ పనికివచ్చే వాటికి సాధారణంగా మధ్యకు కొద్దిగా వెనక. మధ్యన బిగిస్తే తేలిగ్గా తిరుగుతుందని అందరూ అంటారు. లెక్క వేస్తే, 9 సెంటీమీటర్లు వెనక్కి జరపడం వల్ల పెరిగే భ్రామకం నూటికి 3 మాత్రమే! మరి వాళ్ళకు తెలిసే తేడా ఎక్కడిది? ముందు 99, వెనక 81 సెంటీమీటర్లు. ఆ 18 సెంటీమీటర్ల తేడా వల్ల తూకం ఒక వైపు లాగుతుంది, వెనక్కి దిగినప్పుడు ముందున్న పొట్టి భాగం మెత్తటి మంచులో మునుగుతుంది. అసలు కారణం ఇదేనని నాకు తోస్తుంది. మధ్యన బిగిస్తే ఈ చిక్కు పోతుంది, కాని ముందుకు జారేటప్పుడు లోతు మంచులో మొన మునగడం మొదలవుతుంది. ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకోవడమే.

పరీక్ష ఎలా చేయాలి?

ఇప్పుడు అసలు పని. మూడు జతలు తెచ్చారనుకోండి: ఒకటి రెండు మొనల అన్నిటి స్కీ, ఒకటి బాట మీదకే చేసినది, ఒకటి పార్కుకే చేసినది. ఒకడు పొద్దున పార్కు స్కీతో జారాడు, మధ్యాహ్నం అన్నిటి స్కీతో జారి, "ఇది చాలా మెత్తగా పోతోంది" అన్నాడు. మెత్తబడింది స్కీయా, మంచా? ఆ మాటకు విలువ లేదు.

కాబట్టి మొదట చేయవలసింది తేడాలను చెరిపేయడం. మూడింటికీ అదే రోజు అదే మైనం పూయాలి, లేకపోతే మీరు పరీక్షిస్తున్నది స్కీని కాదు, మైనాన్ని. అంచులను అదే కోణంలో సానబెట్టాలి. బూట్లు ఒక్కటే. బూటును పట్టే బిగింపులు ఒక్క రకమే ఉండాలి. పడినప్పుడు బూటును వదిలేసే బలాన్ని ఆ మనిషి బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, నేర్పరితనం చూసి తెలిసినవాడే సరిచేయాలి. ఇందులో పొరపాటు జరిగితే కాలు విరుగుతుంది, అందుచేత ఇది పరీక్షకులు సొంతంగా తిప్పి చూసే మర కాదు.

తరువాత, స్కీల పైభాగం మీది బొమ్మలనూ పేర్లనూ కాగితపు టేపుతో కప్పేయాలి. నవ్వకండి. పేరున్న కంపెనీ స్కీ అని తెలిస్తే కాళ్ళకు కూడా అది బాగానే అనిపిస్తుంది. రెండు మొనల ఆకారం దాగదు కదా అంటారేమో, నిజమే. కాని రెండు కంపెనీల రెండు మొనల స్కీలను పోల్చేటప్పుడు ఈ ముసుగు బాగా పనిచేస్తుంది.

వరుసను కూడా మార్చాలి. ఒకడు అ, ఆ, ఇ అనే వరుసలో జారితే రెండోవాడు ఇ, అ, ఆ. మూడోవాడు ఆ, ఇ, అ. అప్పుడు మంచు మారడం, కాళ్ళు అలసిపోవడం అందరికీ పంచుకుపోతాయి. చివర మొదటి స్కీతో మళ్ళీ ఒకసారి జారాలి. రెండుసార్ల అభిప్రాయాల మధ్య చాలా తేడా వస్తే ఆ రోజు పరీక్షను పక్కన పెట్టడమే మంచిది. ప్రతివాడూ కింద దిగగానే, ఎవరితోనూ మాట్లాడకముందే తన మార్కులు కాగితం మీద రాయాలి. గుంపులో గట్టిగా మాట్లాడేవాడు ఒకడుంటే చాలు, అందరి అభిప్రాయమూ వాడి అభిప్రాయమే అవుతుంది. ఇది మీ తరగతిలోనూ చూసి ఉంటారు.

మనుషులను కూడా చూసి తీసుకోవాలి. 85 కిలోల వాడికి సులువుగా వంగిన స్కీ 45 కిలోల అమ్మాయికి కొయ్యదుంగలా ఉండవచ్చు. "మెత్తన" అనే మాటకు మనిషి బరువు చెప్పకపోతే అర్థం లేదు. పత్రికల్లో వచ్చే పరీక్షల్లో జారేవాళ్ళు ఎక్కువగా ఆరితేరినవాళ్ళే. వాళ్ళ మార్కులు కొత్తగా నేర్చుకునేవాడికి తప్పుదారి చూపే అవకాశం ఉంది.

కొండ ఎక్కకముందే కొన్ని సంగతులు తేలిపోతాయి. స్కీని తూచండి, చీటీ మీది అంకెను నమ్మకండి. జతలో రెండూ సమానంగా ఉన్నాయేమో చూడండి. రెండు కొసలను కుర్చీల మీద ఆన్చి, మధ్యన ఇసుక సంచీ వేలాడదీసి ఎంత దిగిందో స్కేలుతో కొలవండి. చేతితో నొక్కి "బాగుంది" అనడం కంటే ఇది ఎంతో మేలు.

మంచు మీదికి వెళ్ళాక ఒక్కో జారుడులో ఒక్క ప్రశ్నే వేసుకోవాలి. గట్టి బాట మీద పెద్ద మలుపులో తోక పట్టు వదిలిందా? పొట్టి మలుపులో అంచు మారడానికి ఆలస్యమైందా? నిటారుగా వదిలితే ఏ వేగం దగ్గర మొనలు తపతపలాడాయి? చెట్ల మధ్య మెత్తటి మంచులో మొన మునిగిందా? వెనక్కి జారుతూ మలుపు తీసినప్పుడు ముందుకు తీసినంత గుండ్రంగా వచ్చిందా? దిబ్బ మీంచి ఎగిరి దిగినప్పుడు తోక ఆదుకుందా, కుంగిందా?

ఇలా చేస్తే మన 9.6 సెంటీమీటర్ల నడుము గల స్కీకి ఎలాంటి ఫలితం వస్తుంది? పైన చెప్పిన లెక్కలను బట్టే ఊహించవచ్చు. మధ్యాహ్నపు నానిన మంచులో, చెట్ల మధ్య కొద్దిపాటి కొత్త మంచులో, పార్కు దిబ్బల మీద దానికి మంచి మార్కులే వస్తాయి. తెల్లవారి గట్టి బాట మీద బాట స్కీ దాన్ని ఓడిస్తుంది. నడుములోతు కొత్త మంచులో ఇంకా వెడల్పైన స్కీ ఓడిస్తుంది. కమ్మీల మీద, నిలువుగోడల హాఫ్‌పైపులో అచ్చమైన పార్కు స్కీ ఓడిస్తుంది. ఎక్కడా మొదటి ర్యాంకు రాదు, ఎక్కడా తప్పదు. కనుక కొనేవాడు అడగవలసింది ఇది మంచి స్కీయేనా అని కాదు, నేను తిరిగే కొండ మీద ఏ మంచు ఎక్కువ అని. ఏడాదిలో ఎక్కువ రోజులు అద్దంలాంటి మంచే ఉండే చోట 9.6 నడుము కొని బాధపడేవాడు, విస్లర్‌లో ఉంటే అదే స్కీని నెత్తిన పెట్టుకుంటాడు.

ఒక్కరోజు పరీక్షలో తేలనిది ఒకటి మిగిలింది. ఇనుప కమ్మీ మీద జారేటప్పుడు బరువంతా బూటు కింది ఉక్కు అంచుల మీద పడుతుంది. ప్రతి దెబ్బకూ ఉక్కు కొద్దికొద్దిగా నలిగి, చివరకు చీలుతుంది. అందుకే పార్కు కోసం చేసే స్కీలకు మందమైన అంచులు వేస్తారు. దానితో బరువు కొంత పెరుగుతుంది. పైగా, పదునైన అంచు కమ్మీకి తగులుకుని మనిషిని విసిరేసే ప్రమాదం ఉంది గనుక పార్కుకు వెళ్ళేవాళ్ళు బూటు కింద అంచును ఆకురాయితో రాసి మొద్దు చేసుకుంటారు. గట్టి మంచు మీద మలుపు తీసేటప్పుడు మనిషిని నిలబెట్టేది సరిగ్గా ఆ బూటు కింది అంచే. పొద్దున పార్కు కోసం అరగదీసిన అంచు సాయంత్రం అద్దంలాంటి బాట మీద ఇంటికి దిగేటప్పుడు తిరిగి పదును కాదు.